రీస్టోర్ మధ్యలో ఆగింది: రీసెట్ కొట్టాలా, ఓపిక పట్టాలా?

దేవరకొండ బత్తాయి ఏజెంట్:
కొత్త ఆండ్రాయిడ్ ఫోన్ తీసుకున్నా. పాత ఫోన్ బ్యాకప్ గూగుల్ అకౌంట్‌లో ఉంటే, సెటప్‌లో దాన్నే ఎంచుకున్నా. కాంటాక్టులు, కాల్ లిస్టు వచ్చాయి. ఆ తర్వాత నిన్న రాత్రి నుంచి "రీస్టోర్ అవుతోంది" అనే నోటిఫికేషన్ అట్లనే ఉంది. సగం యాప్‌ల బొమ్మలు బూడిద రంగులోనే ఉన్నాయి, నొక్కితే తెరుచుకోవు. ఇంట్లో వైఫై లేదు, మా తమ్ముడి ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపిస్తున్నా.

షాపతనికి ఫోన్ చేస్తే, రీసెట్ కొట్టి కొత్త ఫోన్‌లాగా మొదలుపెట్టు, ఆ బ్యాకప్ జోలికి పోకు అన్నడు. మా బామ్మర్ది మాత్రం అస్సలు ముట్టుకోవద్దు అంటున్నడు. నాకు ముఖ్యమైంది వాట్సాప్. కాయ కోసిన రోజు తూకం చీటీలన్నీ రైతులు ఫొటో తీసి అందులోనే పంపుతరు. నా లెక్కలన్నీ అవే. కొత్త ఫోన్‌లో వాట్సాప్ ఇంకా తెరవలేదు. పాత ఫోన్ ఎక్స్ఛేంజ్ కింద షాపులో ఇచ్చేసిన. ఏం చేయమంటరు?

పాలమూరు పోరగాడు:
రీసెట్ కొట్టన్నా, టెన్షన్ ఎందుకు? బ్యాకప్ ఉన్నది గూగుల్ దగ్గర, నీ ఫోన్‌లో కాదు. ఫోన్ తుడిచేసినా అది ఎక్కడికీ పోదు. మళ్లీ సెటప్‌లో అదే బ్యాకప్ కనిపిస్తుంది. ఆగిపోయిన దాని ముందు కూర్చుని చూస్తూ ఉంటే ఏమొస్తది?

నకిరేకల్ సెల్ రిపేర్:
తమ్ముడు చెప్పిందాంట్లో ఒకటి నిజం. కొత్త ఫోన్ రీసెట్ చేస్తే గూగుల్‌లోని బ్యాకప్ పోదు. కానీ ఏజెంట్ అన్న అడుగుతున్నది ఫోన్ గురించి కాదు, చీటీల గురించి. ఫోన్ బ్యాకప్ వేరు, వాట్సాప్ బ్యాకప్ వేరు.

షాపతను చెప్పినట్టు కొత్త ఫోన్‌లాగా మొదలుపెట్టి, వాట్సాప్ వేసుకుని, నంబర్ కొట్టారనుకోండి. "రీస్టోర్ చేయాలా" అని అడుగుతుంది. నెట్ స్లోగా ఉంది, తర్వాత చూద్దాంలే అని స్కిప్ నొక్కితే ఖాళీ వాట్సాప్ తెరుచుకుంటుంది. ఆ తర్వాత ఎవరో బ్యాకప్ ఆన్ చేస్తారు. అది తెల్లవారుజామున ఆ ఖాళీ వాట్సాప్‌నే అదే అకౌంట్‌లోకి ఎక్కిస్తుంది, కొత్తది పాతదాని స్థానంలో కూర్చుంటుంది. తూకం చీటీలు గోవిందా. నా కౌంటర్ దగ్గర మొహం వేలాడేసుకుని నిలబడేది ఎక్కువగా ఈ కేసులే. ఫోన్ పాడై వచ్చినవాళ్లు ఇంత దిగులు పడరు.

ఇక నోటిఫికేషన్ ఎందుకు కదలడం లేదంటే, హాట్‌స్పాట్ అన్నారు కదా. మీ తమ్ముడిది రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ లాంటిదైతే, అది అయిపోయాక నెట్ పూర్తిగా ఆగదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో ఒక్క జీబీ దిగడానికి 34 గంటల పైనే పడుతుంది. బోరు వట్టిపోయాక పైపు చివర కారే నీళ్లతో తోట తడపడమే. పైన సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, అందుకే మనకు అనుమానం ఫోన్ మీదికి పోతుంది.

ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌కు ఇంకో ఆండ్రాయిడ్ కలిస్తే, పైన వైఫై గుర్తే ఉన్నా లోపల దాన్ని "మీటర్డ్" అని, అంటే డేటా లెక్క పడే నెట్ అని రాసుకుంటుంది. డౌన్‌లోడ్‌లు వైఫై మీద మాత్రమే అని పెట్టి ఉంటే యాప్‌లు దిగకుండా క్యూలో కూర్చుంటాయి. రీసెట్ కొట్టినా ప్యాక్ అదే, హాట్‌స్పాట్ అదే. దిగినవి కూడా మళ్లీ మొదటి నుంచి దించుకోవాలి.

ఇవన్నీ తర్వాత. ముందు బండి తీసి షాపుకు పొండి. పాత ఫోన్‌ను తుడవకుండా ఆపండి. ఫోన్ చేసి చెప్తే సరే సరే అంటరు, సాయంత్రానికి తుడిచేసి పెడతరు.

పాలమూరు పోరగాడు:
అన్నా, ప్రతిదానికీ నెట్ అంటే ఎట్ల? మంచి ఫైబర్ మీద, చార్జర్ పెట్టి రాత్రంతా ఉంచినా పొద్దున అదే శాతం దగ్గర నిలబడిన ఫోన్లు నేను చూసిన. అప్పుడు కూడా ఓపిక పట్టాల్నా? సెటప్ మధ్యలో ఒక్కోసారి నిజంగానే ఇరుక్కుంటది. రీసెట్ కొడితే రెండోసారి సాఫీగా పోతది. నేను వాట్సాప్ స్కిప్ చేయమని ఎక్కడా అనలేదు.

నకిరేకల్ సెల్ రిపేర్:
మంచి నెట్ మీద రాత్రంతా కదలకపోతే నేనూ రీసెటే చేస్తా, తమ్ముడూ. అంతకంటే ముందు ప్లే స్టోర్‌లో పెండింగ్ లిస్టు తెరిచి చూస్తా. చాలాసార్లు ఏదో ఒక పెద్ద గేమ్ ముందు అడ్డం పడి ఉంటుంది, దాన్ని క్యాన్సిల్ చేస్తే వెనకవి కదులుతాయి.

రీసెట్ చేస్తే మాత్రం సెట్టింగ్స్‌లోంచే చేయాలి. ఫోన్ ఆపి, బటన్లు నొక్కి పట్టుకుంటే వచ్చే రికవరీ మెనూలోంచి చేస్తే, ఫోన్ లేచాక అంతకుముందు అందులో ఉన్న గూగుల్ అకౌంట్ అడుగుతుంది. మన దగ్గర ఎంతమందికి ఆ పాస్‌వర్డ్ తెలుసు చెప్పు? ఫోన్ కొన్న రోజు షాపు పిల్లగాడు మెయిల్ ఐడీ చేసిచ్చిందే. ఏజెంట్ అన్నా, మీకు గుర్తుందా?

మిర్యాలగూడ టీచర్:
మీ ఇద్దరి వాదన బాగుంది కానీ మొదలే నాకు నచ్చలేదు. పాత ఫోన్ పని చేస్తున్నప్పుడు క్లౌడ్ దాకా, అంటే గూగుల్ దగ్గర దాచిన బ్యాకప్ దాకా పోవడం ఎందుకండీ? రెండు ఫోన్లనూ కేబుల్‌తో కలిపితే మెసేజ్‌లు, ఫొటోలు నేరుగా వస్తాయి. వాట్సాప్‌లో 2023 నుంచి చాట్‌లు బదిలీ చేసే వీలుంది. కొత్త ఫోన్‌లో చూపించే క్యూఆర్ కోడ్‌ను పాత ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు, క్లౌడ్‌తో పని లేదు. రోజుకు ఒకటిన్నర జీబీతో బతికే మనలాంటి వాళ్లకు అదే దారి.

గూగుల్‌లో ఊరికే వచ్చేది 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫొటోలు, ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే సర్దుకోవాలి. నిండితే కొత్త బ్యాకప్ ఎక్కదు. ఆ హెచ్చరికను మనం పెళ్లి పిలుపుల మెసేజ్‌ల మధ్య పక్కకు తోసేస్తాం. బ్యాకప్ ఉందని సంబరపడితే సరిపోదు, అది ఏ తేదీదో చూడాలి. సార్, మీ వాట్సాప్ బ్యాకప్ ఆఖరి తేదీ ఎప్పటిది?

మక్తల్ మేస్త్రి, పుణె సైట్:
టీచరమ్మా, పాత ఫోన్ చేతిలో ఉన్నవాళ్లకు మీ మాట. నాది పుణె నుంచి వస్తుంటే రైల్లో ఎవడో కొట్టేసిండు. కేబుల్ దేనికి పెట్టాలె? అదే నంబర్ మీద మళ్లీ సిమ్ తీసుకుని, అదే మెయిల్ వేస్తే కూలీల హాజరు లెక్కలతో సహా వాట్సాప్ మొత్తం తిరిగొచ్చింది. క్లౌడ్ లేకుంటే ఆ నెల కూలీలతో పంచాయితీ అయ్యేది. మా పక్క రూమాయనకు మాత్రం రాలే. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకున్నడట, మర్చిపోయిండు. అది మర్చిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరట.

మిర్యాలగూడ టీచర్:
పోయిన ఫోన్ సంగతి వేరు, ఒప్పుకుంటాను. అయితే ఈ విషయం కూడా గుర్తు పెట్టుకోండి. ఫోన్‌ను 57 రోజులు వాడకపోతే దాని బ్యాకప్‌ను గూగుల్ తీసేస్తుంది. పాడైన ఫోన్‌ను బీరువాలో పెట్టి, పండక్కి కొత్తది కొందాంలే అనుకునేవాళ్లకు క్లౌడ్ కూడా ఆగదు.

దేవరకొండ బత్తాయి ఏజెంట్:
షాపుకు పోయొచ్చిన. ఫోన్ ఇంకా తుడవలేదు, డ్రాలోనే ఉంది. ఒక్కరోజు ఇవ్వమంటే, రేపు తెస్తే ఎక్స్ఛేంజ్ రేటు తగ్గుతది అన్నడు. తగ్గితే తగ్గనీ అని తెచ్చుకున్న.

పాస్‌వర్డ్ గుర్తు లేదు. మార్చుకోబోతే, "మీరేనా" అని అడిగే మెసేజ్ పాత ఫోన్‌కే వచ్చింది. అది షాపులో ఉండి ఉంటే నా పని అయిపోయేది. టీచర్ గారు అడిగిన తేదీ చూసిన. మే నెల దగ్గరే ఆగి ఉంది, స్టోరేజ్ నిండిందట. అంటే క్లౌడ్ రీస్టోర్ పూర్తయినా ఆ తర్వాతి చీటీలు వచ్చేవి కావు.

తమ్ముడి ప్యాక్ నిన్న సాయంత్రమే అయిపోయిందట. ఫ్రెండ్ ఇంట్లో ఫైబర్ ఉంటే అక్కడ పెట్టిన, బూడిద బొమ్మలకు ఒక్కొక్కటిగా రంగు వచ్చింది. రీసెట్ అవసరం పడలేదు. వాట్సాప్ క్యూఆర్ పద్ధతిలో ఇప్పుడు పోతోంది.

పాలమూరు పోరగాడు:
చూసినవా అన్నా, నీ ఓపిక పట్టే బ్యాచ్ మాట విని మే నెల బ్యాకప్ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటే ఏమయ్యేది?

నకిరేకల్ సెల్ రిపేర్:
నీ మాట విని షాపులో ఫోన్ వదిలేసి రీసెట్ కొడితే కూడా అదే అయ్యేది, తమ్ముడూ.

ఏజెంట్ అన్నా, బదిలీ అయ్యేదాకా రెండు ఫోన్లూ పక్కపక్కనే ఉంచండి, స్క్రీన్ ఆరిపోనియ్యకండి. అయ్యాక కత్తెర కాపు బత్తాయి కోసిన నాటి చీటీలు నాలుగైదు తెరిచి, అంకెలు చదవగలుగుతున్నారో లేదో చూడండి. పేమెంట్ యాప్‌లు దిగినా, వాటి రిజిస్ట్రేషన్ బ్యాకప్‌లో రాదు. సిమ్ కొత్త ఫోన్‌లో వేసి, వాటిని మళ్లీ రిజిస్టర్ చేసుకోవాలి, మెసేజ్ పోవడానికి బ్యాలెన్స్ ఉండాలి. అవి కూడా నడిచాకే పాత ఫోన్ ఇయ్యండి.

దేవరకొండ బత్తాయి ఏజెంట్:
సరే అన్నా. ఇంకొకటి, ఆ 15 జీబీలో ఏం తీసేస్తే ఖాళీ అవుతది? గ్రూపుల్లో వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియోలే ఎక్కువున్నట్టున్నయి.