ఫైర్‌బర్డ్ గొడవ: పేరు కోసం అరవడం వేధింపేనా?

లైనక్స్_శీను:
నిన్న లంచ్‌లో ఫైర్‌ఫాక్స్ పాత పేర్ల మీద మాటొచ్చింది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. 2002లో ఆ బ్రౌజర్ పేరు ఫీనిక్స్. కంప్యూటర్ ఆన్ చేయగానే నడిచే బయోస్ ప్రోగ్రామ్ తయారుచేసే ఫీనిక్స్ టెక్నాలజీస్‌తో ట్రేడ్‌మార్క్ పేచీ రావడంతో 2003 ఏప్రిల్‌లో ఫైర్‌బర్డ్ అన్నారు. తీరా చూస్తే ఆ పేరుతో అప్పటికే ఓ ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) డేటాబేస్ ఉంది. 2000లో బోర్లాండ్ కంపెనీ బయటపెట్టిన ఇంటర్‌బేస్ అనే డేటాబేస్ కోడ్‌లోంచి పుట్టింది అది. ఆ డేటాబేస్ వాళ్లు బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా మనుషుల మీద మెయిళ్లతో విరుచుకుపడ్డారు. చివరికి 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ అయింది. అలా మీద పడటం వేధింపు కాదా?

డేటాబేస్_బాబాయ్:
కాదు శీనూ. కంపెనీ అడ్డం తిరిగితే పేరు వదిలేశారు. సాటి ప్రాజెక్టు మొత్తుకుంటే మాత్రం "మాది బ్రౌజర్, మీది డేటాబేస్, ఎవరు పొరబడతారు" అన్న ధోరణి. లాయర్‌ని పెట్టుకోలేనివాడికి నోరు తప్ప ఏముంది? అప్పట్లో నేను ఫైర్‌బర్డ్ మీద నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసేవాణ్ణి. బ్యాకప్ ఎర్రర్ గురించి వెతికితే బుక్‌మార్కులు ఎలా దాచుకోవాలో వచ్చేది. ఇంకేం పొరబడాలి?

సిరి_డెబియన్:
కోపం న్యాయమే బాబాయ్ గారూ. కానీ అది పేరు పెట్టినవాళ్ల మీదే పడిందా? మెయిల్ అడ్రసుల లిస్టులో ఉన్న ప్రతివాడికీ తగిలింది కదా.

2006లో డెబియన్ అనే లైనక్స్ ప్రాజెక్టుకీ మొజిల్లాతో పేచీ వచ్చింది. లోగో లైసెన్స్ తమ నియమాలకు సరిపడదని డెబియన్ లోగో తీసేసి పేరు మాత్రం ఉంచుకుంది. లోగో లేకుండా పేరు వాడొద్దంది మొజిల్లా. సరేనని ఐస్‌వీజిల్ అని పెట్టుకున్నారు. మా ల్యాబ్‌లో పిల్లలు రోజూ "మేడమ్, ఫైర్‌ఫాక్స్ లేదు" అనేవాళ్లు. నక్క బదులు ముంగిసలాంటి తెల్ల జంతువు ఉన్న ఐకాన్ చూపించి "అదే ఇది, నొక్కండి" అనేదాన్ని. 2016లో మళ్లీ పాత పేరే వచ్చింది. పదేళ్లు పట్టినా ఆ వాదన బగ్ రిపోర్టుల్లోనే, అంటే సాఫ్ట్‌వేర్ తప్పులు నమోదుచేసే చోటే, మొదలైంది.

డేటాబేస్_బాబాయ్:
డెబియన్ బగ్ రిపోర్టు రాస్తే కూర్చుని చదువుతారమ్మా. మా బోటి చిన్న ప్రాజెక్టు రాస్తే ఎవరు చూస్తారు?

లైనక్స్_శీను:
అది ఒప్పుకుంటా. ఆ మెయిళ్లు రాకపోతే బహుశా ఇవాళ్టికీ ఫైర్‌బర్డ్ అనే ఉండేది. ఇంతకీ బాబాయ్, మీరూ కొట్టారా ఒకటి?

డేటాబేస్_బాబాయ్:
కొట్టాను. కాస్త ఘాటుగానే. ఎవరికంటావా, అది గుర్తులేదు. ఎవరో అడ్రసులు పంపారు, అందులో మొదటిది తీసుకున్నాను.

సిరి_డెబియన్:
నేనడిగింది ఆ మొదటి అడ్రస్ మనిషి గురించే, బాబాయ్ గారూ.