లైట్ ఆపినా కరెంట్ దిగట్లేదు, ఏం చేయాలి?

హన్మకొండ స్కాలర్: పొద్దున్నుంచి దీంతోనే సరిపోయింది, బుర్ర పనిచేయట్లేదు. లెడ్ (సీసం) లేని పెరోవ్‌స్కైట్ (ఒక రకం సెమీకండక్టర్) క్రిస్టల్ మీద లైట్ వేస్తే కరెంట్ పెరుగుతోంది. ఆపితే మాత్రం మొదటి విలువకు రావట్లేదు. పైగా ప్రతిసారీ బేస్‌లైన్ (లైట్ లేనప్పుడు ఉండే కరెంట్) ఇంకాస్త పైకి పోతోంది. మీటర్ మార్చాను, వైర్లు మార్చాను. గైడ్‌కు గ్రాఫ్ చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ కెమిస్ట్రీ: లెడ్ లేదంటే టిన్ అన్నమాట. గాలి తగిలితే టిన్ 2+ కాస్తా 4+ అవుతుంది. హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, ఇవీ కరెంట్‌ను మోస్తాయి) పెరిగిపోయి చీకట్లోనూ కరెంట్ బాగా పోతుంది. గ్లవ్ బాక్స్ (గాలి చొరబడని పెట్టె) లేకుండా ఈ పని పెట్టుకోకూడదు బాబూ.

కాజీపేట జంక్షన్: ఏ క్రిస్టల్? ఎలక్ట్రోడ్ ఏంది? ఎన్ని వోల్టులు?

హన్మకొండ స్కాలర్: టిన్ కాదు సార్, సీజియం సిల్వర్ బిస్మత్ బ్రోమైడ్. సిల్వర్ పేస్ట్ పెట్టాను. 50 వోల్టులు, మధ్యలో ఆపలేదు. హాలోజెన్ ల్యాంప్. చీకటి కోసం కర్టెన్లు వేశాం.

మీటర్ రీడింగ్: ఇది హిస్టరిసిస్.

రిటైర్డ్ కెమిస్ట్రీ: కాదు. వోల్టేజీ పెంచి, తగ్గించినప్పుడు గ్రాఫ్ వేరే దారిలో వస్తే హిస్టరిసిస్. లైట్ తీశాకా కరెంట్ నిలబడితే పర్సిస్టెంట్ ఫోటోకండక్టివిటీ.

మీటర్ రీడింగ్: మా ల్యాబ్‌లో రెండిటినీ అదే అంటాం.

కాజీపేట జంక్షన్: పేరు తర్వాత పెట్టుకోండి. తమ్మీ, మే నెల మధ్యాహ్నం కర్టెన్ వేస్తే చీకటా? నల్ల డబ్బాలో పెట్టు. లైట్ లేకుండా వోల్టేజీ ఒక్కటే ఇచ్చి చూడు. అప్పుడూ బేస్‌లైన్ ఎక్కితే క్రిస్టల్‌లో బ్రోమైడ్ అయాన్లు కదులుతున్నాయేమో చూడాలి. హాలోజెన్ వేడికే కరెంట్ పెరగొచ్చు, అది తీసెయ్. నీ క్రిస్టల్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను కదిలించడానికి లైట్‌కు ఉండాల్సిన కనీస శక్తి) సుమారు 2 ఎలక్ట్రాన్ వోల్టులు కాబట్టి 450 నానోమీటర్ల నీలం ఎల్ఈడీ వాడు. 650 ఎరుపును అది పెద్దగా పీల్చుకోదు. ఎరుపుకూ అంతే పెరిగితే వేడినో, ట్రాప్స్‌నో (ఎలక్ట్రాన్లు చిక్కుకునే లోపాలు) అనుమానించు. సిల్వర్ పేస్ట్ కూడా వద్దు, బ్రోమైడ్‌తో కలిస్తే సిల్వర్ బ్రోమైడ్ అయ్యే ప్రమాదం ఉంది. పాత ఫోటో ఫిల్ముల్లో వెలుగు పడితే మారేది అదే. కార్బన్ గానీ గోల్డ్ గానీ పెట్టు.

హన్మకొండ స్కాలర్: కార్బన్ పేస్ట్ ఉంది, సోమవారం చూస్తా. థ్యాంక్స్ అన్నా.

కొత్త సభ్యుడు: క్రిస్టల్ పెంచడానికి హైడ్రోబ్రోమిక్ ఆసిడ్ వరంగల్‌లో దొరుకుతుందా, హైదరాబాద్ నుంచే తెప్పించుకోవాలా?