ఫారం 22లో చూసినది, విన్నది, మనకు అనిపించినది ఎలా విడదీసి రాయాలి?

ప్రశ్న: జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కొత్తగా చేరిన సోషల్ వర్కర్

అందరికీ నమస్కారం. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు మార్చి రాస్తున్నాను. అమ్మాయికి 11 ఏళ్లు. తల్లి ఇంటిపని కోసం కువైట్ వెళ్లింది. అమ్మాయి తండ్రి, నాయనమ్మల దగ్గర ఉంటోంది. తండ్రి సెంట్రింగ్ పనికి వెళతాడు. తాగి వచ్చి పిల్లను కొడుతున్నాడని, బడి మాన్పించాడని ఎవరో పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేశారు. బాలల సంక్షేమ సమితి సామాజిక విచారణ నివేదిక (ఫారం 22) ఇవ్వమని ఆదేశించింది.

ఇంటికి వెళ్లాను. తండ్రి మర్యాదగా మాట్లాడాడు, పిల్ల మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదన్నాడు. నాయనమ్మ నోరు విప్పలేదు. అమ్మాయి కుడి చేతికి, మోచేతి పైభాగంలో లోపలి వైపు కమిలిన మచ్చ కనిపించింది. బోరింగు దగ్గర జారిపడ్డానని చెప్పింది. తండ్రి అప్పుడు పక్కనే ఉన్నాడు. పక్కింటావిడ మాత్రం కొట్టడం తన కళ్లతో చూశానంటోంది, కానీ తన పేరు రాయవద్దని బతిమాలుతోంది.

నమూనాగా చూడమని నాకు కొన్ని పాత నివేదికలు ఇచ్చారు. అన్నిట్లోనూ దాదాపు ఒకే మాటలు: “కుటుంబ ఆర్థిక పరిస్థితి బాగాలేదు. తండ్రి మద్యానికి బానిస. బాలిక భవిష్యత్తు దృష్ట్యా హోమ్‌లో చేర్చవలసిందిగా సిఫారసు చేయడమైనది.” నేనూ ఇలాగే రాయాలా? మచ్చ గురించి ఏం రాయాలి? పక్కింటావిడ చెప్పిన మాటను ఏం చేయాలి?

జవాబు: ప్రొబేషన్ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యుడు

అమ్మా, ఆ పాత నివేదికలను పక్కన పెట్టండి. ఒకే వాక్యం పదిమంది పిల్లల ఫైళ్లలో ఉందంటే, అది ఆ పదిమందిలో ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే. “మద్యానికి బానిస” అన్న మాటనే చూడండి. ఎవరన్నారు? రోజూ తాగుతాడా, కూలి డబ్బులు చేతికొచ్చిన రోజేనా? తాగి వచ్చిన రాత్రి పిల్లకు అన్నం ఎవరు పెడతారు, ఆమె ఎక్కడ పడుకుంటుంది? సమితి సభ్యులకు కావలసినవి ఈ జవాబులు. పిల్ల ఈ రాత్రి ఎవరింట్లో ఉండాలో వాళ్లు మీ కాగితం చూసే తేలుస్తారు.

నేను నోటు పుస్తకంలో ప్రతి పేజీకీ మధ్యలో నిలువు గీత గీసుకునేవాడిని. ఎడమవైపు చూసినవి, విన్నవి. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, పక్కన ఎవరున్నారు అన్న వివరాలతో సహా. కుడివైపు నాకు తోచినవి. ఆ ఊరు దాటకముందే అది పూర్తికావాలి. ఆఫీసుకు చేరాక రాద్దామనుకుంటే వాళ్ల మాటలు మన మాటలుగా మారిపోతాయి.

మచ్చ గురించి ఇలా రాయవచ్చు. తేదీ, సమయం వేసి: “కుడి చేయి, మోచేతి పైభాగంలో లోపలి వైపు సుమారు 3 సెంటీమీటర్ల గుండ్రని కమిలిన మచ్చ, నీలం రంగు. ఎలా తగిలిందని అడిగితే ‘బోరింగు దగ్గర జారిపడ్డాను’ అని బాలిక చెప్పింది. ఆ సమయంలో తండ్రి పక్కనే కూర్చుని ఉన్నారు. జవాబు చెప్పేముందు బాలిక ఆయన వైపు చూసింది.” (కొలత, రంగు, చూపు నేను ఉదాహరణకు రాసినవి, మీరు గమనించినవే రాయండి.) ఇందులో అభిప్రాయం ఒక్క ముక్క కూడా లేదు, అయినా చదివేవారికి అవసరమైనదంతా ఉంది.

రంగును బట్టి అది ఎన్ని రోజుల నాటి దెబ్బో అంచనా వేయకండి. డాక్టర్లు కూడా రంగు చూసి కచ్చితంగా చెప్పలేరు. ఆడుకునే పిల్లలకు దెబ్బలు ఎక్కువగా మోకాళ్లు, మోకాలి కింది ఎముక, నుదురు వంటి చోట్ల తగులుతాయి. జబ్బ లోపలి వైపు, చెవులు, బుగ్గలు, వీపు, పిరుదుల మీద మచ్చలు కనిపిస్తే జాగ్రత్తపడాలి. అదొక్కటే కొట్టారనడానికి రుజువు కాకపోయినా, వైద్య పరీక్ష చేయించమని సమితిని కోరడానికి సరిపోతుంది. నివేదిక పూర్తయ్యేదాకా ఆగకుండా ఆ కోరిక ఈరోజే రాతపూర్వకంగా పంపండి.

జవాబు: పిల్లల కౌన్సిలర్‌గా పనిచేస్తున్న సభ్యురాలు

సార్ చెప్పినవన్నీ సరైనవే. నాకు ఎక్కువ కలవరం కలిగిస్తున్నది, పాప మీతో ఒంటరిగా మాట్లాడనే లేదన్న విషయం. తండ్రి ఎదుట చెప్పిన మాటను పాప వాంగ్మూలంగా భావించకండి. బడికి రావడం లేదు కాబట్టి, తనకు ఇష్టమైన టీచరు సాయంతో అక్కడికి పిలిపించి కలవండి. “నాన్న కొట్టాడా?” అని అడగవద్దు. “పొద్దున లేచాక ఏం చేస్తావో చెప్పమ్మా” అని మొదలుపెట్టి, “తర్వాత?” అంటూ వినండి. పాప వాడిన మాటలే రాయండి. “బాలిక భయాందోళనలకు గురవుతోంది” అన్న వాక్యం మీది. “నాన్న బండి చప్పుడు వింటే నేను మంచం కిందికి పోతా” లాంటి వాక్యం పాపది. సమితి ముందు రెండోదానికే బలం ఎక్కువ.

ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. బాలల న్యాయ చట్టం 99వ సెక్షన్ ప్రకారం నివేదికలు గోప్యమే. కానీ సమితి సబబనుకుంటే వాటి సారాంశాన్ని తల్లిదండ్రులకు తెలియజేయవచ్చు. పాప చెప్పింది తండ్రి చెవిన పడే అవకాశం ఉందని మనసులో ఉంచుకునే రాయాలి. అలా తెలిస్తే పాపకు ప్రమాదమనిపిస్తే ఆ మాట కూడా నివేదికలోనే స్పష్టంగా రాసి, సారాంశం తెలియజేసేటప్పుడు జాగ్రత్త తీసుకోమని కోరండి. పక్కింటావిడ విషయంలోనూ అంతే. “ఇరుగుపొరుగులో ఒకరు, తాను స్వయంగా చూశానంటూ, పేరు వెల్లడించవద్దని కోరుతూ చెప్పారు” అని రాయండి. ఆమె చూసింది ఏ రోజు, ఏ వేళ, ఎంత దూరం నుంచి అన్నవి అడిగి రాస్తే పేరు లేకపోయినా ఆ మాటకు విలువ ఉంటుంది.

ఇంకొకటి, దయచేసి గుర్తుంచుకోండి. లైంగిక వేధింపును సూచించే మాట పాప నోటి నుంచి ఒక్కటి వచ్చినా అది మీ విచారణలో తేల్చే విషయం కాదు. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద వెంటనే పోలీసులకు సమాచారం ఇవ్వాలి. గుచ్చి గుచ్చి అడగవద్దు. చెప్పినంతవరకు ఆమె మాటల్లోనే రాసి ఆపేయండి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

మేడమ్, సార్, ఇద్దరికీ కృతజ్ఞతలు. వైద్య పరీక్షకు లేఖ ఇచ్చాను. బడికి వెళ్లాను. హాజరు పట్టీ చూస్తే అనుకోని విషయం తెలిసింది. అమ్మాయి రాకపోవడం ఆగస్టు రెండో వారంలో మొదలైంది. నాయనమ్మకు పక్షవాతం వచ్చింది ఆగస్టు మొదటి వారంలోనని ఆశా కార్యకర్త చెప్పింది. అమ్మాయి ఒంటరిగా మాట్లాడినప్పుడు కూడా, నాయనమ్మను బాత్రూముకు తీసుకెళ్లడానికి, వంట చేయడానికి తను ఇంట్లో ఉండాలంది. తండ్రి గురించి అడిగితే “తాగినప్పుడు చెయ్యి గట్టిగా పట్టుకుని లాగుతాడు” అంది. ఇప్పుడు ఏది ముఖ్యమని రాయాలి?

జవాబు: ఇంగ్లండ్‌లో పిల్లల సంరక్షణ విభాగంలో పనిచేస్తున్న తెలుగు సభ్యురాలు

మీరు హాజరు పట్టీ తెరవడం చాలా మంచి పని. ఇప్పుడు ఒక కాగితం మీద తేదీల వరసలో అన్నీ పేర్చండి: తల్లి ప్రయాణం, నాయనమ్మ జబ్బు, బడి మానడం, తండ్రికి పని దొరకని నెలలు, 1098కి వచ్చిన ఫోను, మచ్చ. ఇక్కడ ప్రతి ఫైలులో అలాంటి పట్టిక ఉండాలని పట్టుబడతారు. దాని వెనక ఒక విషాదం ఉంది.

ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన ఎనిమిదేళ్ల విక్టోరియా క్లింబియే 2000 ఫిబ్రవరిలో లండన్‌లో, పెంచుతున్న నాయనమ్మ వరస బంధువు, ఆమె సహచరుడు పెట్టిన చిత్రహింసలకు చనిపోయింది. లార్డ్ లామింగ్ విచారణ నివేదిక 2003లో వచ్చింది. పోలీసులు, ఆసుపత్రులు, సంక్షేమ శాఖలు ఆ పాపను చూశాయి. కాపాడే అవకాశాలు కనీసం 12 సార్లు చేజారాయని లామింగ్ తేల్చారు. ఒంటిమీది గుర్తులు గజ్జి వల్ల వచ్చాయని ఒక ఆసుపత్రిలో నిర్ధారించారు. ఆ తర్వాత కేసు తీవ్రతను తగ్గించేశారు. పెంచుతున్న బంధువు చెప్పిన మాటలకు ఉన్న చోటు పాప మాటలకు దొరకలేదు. ఆ ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చి చూసినవారు లేరు.

మీ ప్రశ్నకు వస్తే, రెండూ ముఖ్యమే. ఒకటి రెండోదాన్ని కొట్టివేయదు. బడి మానడానికి ప్రధాన కారణం నాయనమ్మ సేవ అయి ఉండవచ్చు. చేతి మీద మచ్చకు కారణం తండ్రి అయి ఉండవచ్చు. మొదటి ఫోనులో వచ్చిన కథ ఒక్కటే, మీకు దొరికినవి రెండు. ఇక్కడ సంరక్షణలో పెరిగినవాళ్లు పెద్దయ్యాక తమ ఫైలు తెప్పించుకుని చదువుకుంటారు. నాయనమ్మను చూసుకున్నది ఈ అమ్మాయేనన్న సంగతి కూడా అందులో ఉండాలి.

జవాబు: బాలల సంక్షేమ సమితి మాజీ సభ్యురాలు

నివేదికలు చదివిన వైపు నుంచి రెండు మాటలు చెబుతానమ్మా. అభిప్రాయం అసలు ఉండకూడదన్న భావం కొత్తవారిలో చూస్తుంటాను. ప్రొబేషన్ సార్ ఆ మాట అనలేదు, కానీ ఆయన జవాబు చదివితే అలా అర్థమయ్యే ప్రమాదం ఉంది. మాకు మీ అభిప్రాయం కావాలి. ఆ ఇంట్లో అడుగుపెట్టింది మీరే, మేం కాదు. అయితే దాన్ని వేరే శీర్షిక కింద, దేని ఆధారంగా అనుకుంటున్నారో చెబుతూ రాయండి. మీ అంచనాకు ఎదురు వెళ్లే విషయం ఉంటే అదీ రాయండి. తండ్రి ఆస్పత్రి ఖర్చులు భరిస్తున్నాడా? పిల్ల పుస్తకాలు కొన్నాడా? మంచి కనిపిస్తే మంచి కూడా రాయాలి. లేకపోతే నివేదిక విచారణలా కాకుండా అభియోగపత్రంలా తయారవుతుంది.

ఇక “హోమ్‌లో చేర్చవలసిందిగా”. బాలల న్యాయ చట్టం 2015లోని 3వ సెక్షన్ సూత్రాల ప్రకారం సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం. పేదరికమే కారణమైతే పిల్లను ఇంటి నుంచి తీయకూడదు, ఇంటికి ఆసరా ఇవ్వాలి. పిల్లల సంరక్షణ కోసం ఉన్న కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌గా నెలకు 4000 రూపాయలు ఇచ్చే వీలుంది. ఈ కుటుంబం అర్హతలు సరిచూసి రాయండి. నాయనమ్మకు పింఛను వస్తోందా? పగలు ఆమెను చూసుకోవడానికి బంధువులెవరైనా ఉన్నారా? తల్లి డబ్బు పంపుతుంటే ఎవరి ఖాతాలో పడుతోంది? తల్లితో వీడియో కాల్‌లో మాట్లాడి, తేదీతో సహా ఆమె మాట నమోదు చేయండి. విదేశంలో ఉందని తల్లి అభిప్రాయాన్ని ఖాళీగా వదిలేసిన నివేదికలు చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. ఆమె ఆ ఎడారి దేశానికి వెళ్లింది ఈ పిల్ల కోసమే.

అదే సమయంలో దెబ్బను తేలికగా తీసుకోకండి. ఇంట్లోనే ఉంచమని సిఫారసు చేస్తే, ఏ షరతులతోనో, ఎవరు ఎన్నాళ్లకోసారి వెళ్లి చూస్తారో రాయాలి. అమ్మమ్మో, పిన్నో చూసుకుంటామంటే వాళ్లింటికీ వెళ్లి చూసి రాయండి. తండ్రిని మద్యం మాన్పించే కేంద్రానికి పంపడం లాంటిది ఉంటే, ఒప్పుకున్నాడా లేదా అన్నది ఆయన మాటల్లోనే.

గడువు 36వ సెక్షన్‌లో ఉంది: సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తికావాలి. సమితి తుది ఉత్తర్వు పిల్లను మొదట హాజరుపరిచిన 4 నెలల లోపు ఇవ్వడానికి వీలుగా ఆ గడువు పెట్టారు. పిల్ల ఒకవేళ సంస్థకే వెళితే ఫారం 7లో వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక మొదలవుతుంది. దాని ప్రగతి నివేదిక మొదటి 3 నెలలు పక్షానికొకటి, తర్వాత నెలకొకటి. మీరు ఇప్పుడు రాసే వివరాలే దానికి పునాది.

జవాబు: ప్రొబేషన్ అధికారిగా పనిచేసిన సభ్యుడు

మేడమ్ సవరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఫోటోల గురించి కూడా చెప్పాలి. మచ్చ ఫోటో తీసి “పై అధికారికి చూపడానికి” వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఈమధ్య అలవాటుగా మారింది. పిల్లల గుర్తింపు వెల్లడిస్తే బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. శిక్ష మాట అటుంచితే, ఆ ఫోటో ఎన్ని ఫోన్లలోకి వెళ్లిందో ఆ పిల్లకు ఎప్పటికీ తెలియదు. గాయాన్ని డాక్టరు నమోదు చేస్తారు. మీరు మాటల్లో రాయండి, చాలు.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

చివరగా ఒక సందేహం. నివేదిక సమర్పించేశాను. ఈరోజు ఆశా కార్యకర్త ఫోను చేసి, పక్షవాతం వచ్చింది ఆగస్టులో కాదు, జూలై చివరలోనని రికార్డు చూసి చెప్పింది. ఆఫీసు ప్రతిలో ఆ తేదీ దిద్దేయవచ్చా?

జవాబు: బాలల సంక్షేమ సమితి మాజీ సభ్యురాలు

వద్దమ్మా. సమర్పించిన నివేదికలో ఒక్క అక్షరం కూడా మార్చకూడదు, ఆఫీసు ప్రతిలోనూ సరే. ఈరోజు తేదీతో ఒక పేజీ అదనపు నివేదిక రాయండి: మొదట ఏ తేదీ రాశారు, ఎవరు చెప్పగా రాశారు, ఇప్పుడు ఏ రికార్డు చూసి ఎవరు సరిచేశారు, దానివల్ల మీ సిఫారసు మారుతుందా లేదా. బడి మానడానికి ముందే జబ్బు వచ్చిందన్న మీ అంచనా అలాగే నిలుస్తుంది కాబట్టి ఆ సంగతీ రాయండి. సంతకం చేసి సమితి కార్యాలయంలో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటు పుస్తకంలో దిద్దవలసి వస్తే పాత తేదీ కనిపించేలా ఒక్క గీత గీసి, పక్కన కొత్తది రాసి పొట్టి సంతకం, తేదీ పెట్టండి. తెల్ల ఇంకు వాడకండి, పేజీ చింపకండి. వైద్య పరీక్ష నివేదిక వచ్చాక దాన్ని కూడా ఇలాగే అదనపు నివేదికతో జతచేయండి.