గ్రీకు ‘కేఫి’కి తెలుగులో ఏమందాం: కైపా, హుషారా, ఊపా?

ఇకారియా దీవి పండగల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. గ్రీసులో ఊరి తిరునాళ్లను ‘పనిగీరి’ అంటారు. ఆగస్టు 15న, మనకు జెండా పండగ రోజునే, వాళ్లకు మరియమ్మ పండగ. ఇకారియాలో మేకమాంసం ఉడికించి, వైన్ పోసి, వయొలిన్ అందుకుంటే తెల్లారేదాకా ఆటే. వచ్చిన లాభం ఊరి రోడ్లకో, బడికో వాడుకోవడం అక్కడి ఆనవాయితీ. ఇంతవరకూ బాగానే వచ్చింది గానీ ‘కేఫి’ దగ్గర ఆగిపోయాను. ఆటపాటల్లో మనసు ఉప్పొంగే సంతోషాన్ని వాళ్లు అలా అంటారు. ‘ఉత్సాహం’ అంటే మరీ చప్పగా ఉంది. సాయం చెయ్యండి.

— దాని తోబుట్టువు మన దగ్గరే ఉందండీ: కైపు. అరబ్బీ ‘కైఫ్’ తుర్కీలో ‘కెయిఫ్’ అయి, అక్కడి నుంచి గ్రీకులో ‘కేఫి’ అయింది. మనకు అదే మాట ఉర్దూ మీదుగా వచ్చింది. తరఫు ‘తరపు’ అయినట్టే కైఫ్ ‘కైపు’ అయింది. కైపు అనే పెట్టెయ్యండి.

— పుట్టుక సరే, వాడుక సంగతేంటి? ‘ఊరంతా కైపులో ఆడారు’ అంటే చదివేవాళ్లకి సారా వాసనే తగులుతుంది. గ్రీకుల కేఫికి తాగుడు తప్పనిసరి కాదు. నేనైతే ‘హుషారు’ అంటాను. పారసీలో హుషారు అంటే తెలివిలో ఉండటం, అంటే కైపుకి సరిగ్గా ఎదురు. అయినా తెలుగులో ఆ రెండూ కేఫికి చెరో పక్కన చేరాయి చూడండి!

— హుషారు ఒక్కడికి కూడా ఉంటుంది కదా. పనిగీరిలో కేఫి ఎలా పుడుతుందో చూస్తే సరైన మాట దొరుకుతుంది. అందరూ చేతులు పట్టుకుని, ఒకే అడుగు వేస్తూ, కుడివైపుకి కదులుతారు. వరస ముందున్నవాడికి మాత్రం స్వేచ్ఛ. పక్కవాడితో కలిపి పట్టుకున్న రుమాలు ఆసరాగా ఎగురుతాడు, గిరికీలు కొడతాడు, నేల దాకా వంగి లేస్తాడు. గ్రీసులోని ఎపిరస్ ప్రాంతపు కొండ ఊళ్లలో క్లారినెట్‌దే పెత్తనం. వాయించేవాడు ఆ అడుగులు చూసి రాగం సాగదీస్తాడు, ఆ సాగదీత విని ఇతను ఇంకో గిరికీ వేస్తాడు. మెచ్చినవాళ్లు వాయిద్యాలవాళ్లకు నోట్లు ఇస్తారు. ఆ డబ్బుకి ‘హర్తూరా’ అని పేరే ఉంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో రేగేదే కేఫి.

అందుకే నా ఓటు ‘ఊపు’కి. గ్రీకులు ‘ఇర్థా స్తో కేఫి’ అంటారు, మనం ‘ఊపులోకి వచ్చాను’ అన్నట్టే. ఇకారియోటికోస్ ఆట మెల్లగా మొదలై వేగం పుంజుకుంటుంది. దానికి ‘ఊపందుకుంది’ కంటే మంచి మాట నాకు తట్టడం లేదు. అన్నట్టు, కలమతియానోస్ ఆటకి తాళం ఏడు, 3+2+2. మన మిశ్రచాపు అలవాటైన చెవికి వెంటనే పట్టుబడుతుంది, తప్పకుండా వినండి.

— ఊపు బాగుంది. వ్యాసంలో ‘సిర్తాకి’ కనబడితే దాన్ని పల్లె ఆటగా రాయకండి. 1964లో ఒక సినిమా కోసం కూర్చిన ఆట అది. పాత ఊళ్ల ఆటలు కావాలంటే వ్లాస్తి, సిర్రాకోల సంగతి చూడండి. ఆ రెండు ఊళ్ల ఆగస్టు 15 పండగలను 2022లో యునెస్కో జాబితాలో చేర్చారు. వలస వెళ్లినవాళ్లు ఆ రోజుకి ఊరు చేరి, అదే వరసలో చెయ్యి కలుపుతారు.

— అందరికీ థాంక్సండీ. మొదటిసారి వచ్చినచోట ‘కేఫి’ అనే ఉంచి, ఆ తర్వాత ఊపు అంటాను. ఒక్క వాక్యం మిగిలింది: ‘ఇవాళ తాతకి కేఫియా ఉన్నాయి.’ ఇది బహువచనమేనా?

— బహువచనమే. అక్కడ మాత్రం ఊపు కుదరదు. ‘తాత ఇవాళ మంచి హుషారుగా ఉన్నాడు’ అనండి.