అప్‌డేట్: కళింగపట్నం రాత్రి శిబిరానికి పిల్లలను సిద్ధం చేయడం

ఎనిమిదో తరగతి పిల్లలను సముద్ర జీవుల అధ్యయనానికి ఒక రాత్రి కళింగపట్నం తీసుకువెళ్లడానికి ముందు ఏమేం చూసుకోవాలని అడిగాను; సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అన్నిటికంటే పనికొచ్చినది, వారం ముందు బడిలోనే ఒక రాత్రి పడుకోబెట్టి చూడమన్న మాట: ఇల్లు విడిచి ఎన్నడూ ఉండని ముగ్గురు ఆ రాత్రే ఏడ్చి తేరుకున్నారు, ససేమిరా అన్న తల్లిదండ్రులూ మెత్తబడ్డారు. టార్చిలైట్లకు ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టమన్నదీ సరైనదే, ఎందుకంటే గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను తెల్లని వెలుగు బెదరగొడుతుంది, పిల్ల తాబేళ్లను దారి తప్పిస్తుంది (మాకు తాబేలు కనబడలేదు, ఇసుకలో దాని జాడ మాత్రం దొరికింది). ఆటుపోట్ల వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కనుక, ముందురోజు వేళను నమ్మకుండా మళ్లీ లెక్కచూసుకున్నాము. వాంతుల మాత్రలు అక్కరలేకపోయాయి. అసలు పడవే ఎక్కలేదు.