తీసివేతలో అప్పు తెచ్చుకోవడం మూడో తరగతి పాపకు ఎలా నేర్పాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి ఒక తల్లి)
మా అమ్మాయి ఇక్కడి ఒడియా మాధ్యమం బడిలో మూడో తరగతి చదువుతోంది. కూడికలు చకచకా చేస్తుంది, ఎక్కాలు తడుముకోకుండా ఒప్పజెబుతుంది. కానీ 52లోంచి 38 తీసివేయమంటే 26 అని రాస్తోంది. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోమని ఎన్నిసార్లు చెప్పినా మర్నాటికి మళ్లీ అదే తప్పు చేస్తోంది. రోజూ మరిన్ని లెక్కలు చేయించమంటారా, లేక వేరే పద్ధతి ఉందా?

జవాబు (గుణుపురం, విశ్రాంత ఉపాధ్యాయుడు)
అమ్మా, లెక్కలు పెంచకండి. పాప 8లోంచి 2 తీసి 6, 5లోంచి 3 తీసి 2 వేసింది. అంటే ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీస్తోంది. ఇది అజాగ్రత్త కాదు. 52లో ఐదు పదులూ రెండు ఒకట్లూ ఉన్నాయన్నది ఇంకా మనసుకు పట్టలేదు. చీపురు పుల్లలను పదేసి చొప్పున దారంతో కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ ముందు పెట్టి, ఎనిమిది పుల్లలు ఇమ్మని అడగండి. తానే ఒక కట్ట విప్పుతుంది. అప్పుడు నాలుగు కట్టలూ పన్నెండు పుల్లలూ ఉంటాయి. వాటిలోంచి ఎనిమిది పుల్లలూ మూడు కట్టలూ తీస్తే మిగిలేది 14. చేతితో చేసిన ప్రతి పనినీ వెంటనే పలకమీద రాయించాలి, లేకపోతే ఆ రెంటికీ ఉన్న సంబంధం పిల్లలకు తట్టదు. రాసేటప్పుడు బడిలో వాడే ఒడియా అంకెలే రాయించండి, నోటితో లెక్కించడం మాత్రం తెలుగులోనే సాగనివ్వండి.

జవాబు (బరంపురం నుంచి)
కొట్లో చిల్లర ఇచ్చే పద్ధతి కూడా చూపించండి. 38కి 2 కలిపితే 40, మరో 10 కలిపితే 50, ఇంకో 2 కలిపితే 52, కలిపినదంతా 14. వచ్చిన జవాబును 38తో కూడి చూసుకోవడం అలవాటైతే, 26 వేసినప్పుడు మొత్తం 64 అవుతుంది కాబట్టి తప్పు తనకే తెలుస్తుంది.

జవాబు (రాయగడ, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని)
నోటి లెక్కకు చిల్లర పద్ధతి చాలా మంచిదే గాని నిలువు తీసివేతకు బదులు కాదు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు బాగా రావాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లో 99 లోపు తీసివేత రెండో తరగతిదే. మూడో తరగతిలో 9999 వరకు సంఖ్యలు చదివి రాయగలగాలి. అందుచేత రెండంకెల లెక్క కుదుటపడ్డాక, మధ్యలో సున్న ఉన్న 304 – 127 వంటివి ఇవ్వండి. మా తరగతిలో ఎక్కువమంది తడబడేది అక్కడే. పదుల స్థానంలో విప్పడానికి ఏమీ లేదు కాబట్టి ముందు ఒక వందను పది పదులుగా, వాటిలో ఒక పదిని పది ఒకట్లుగా విప్పాలి. రెండు వందలు, తొమ్మిది పదులు, పద్నాలుగు ఒకట్లు అవుతాయి, జవాబు 177. ఈ రెండు మెట్లనూ విడివిడిగా రాయించండి, ఒకేసారి కొట్టివేసి రాయనివ్వకండి.