పసుపు పూల జిగురు మొక్క: ఆవ కుటుంబమా, కుక్కవామింటా?

ప్రశ్న:
హెర్బేరియం షీటు (ఎండబెట్టిన మొక్కని అంటించి వివరాలు రాసే అట్ట) కోసం వర్ణన రాస్తున్నాను. సుమారు 60 సెం.మీ. ఎత్తు, ఒళ్లంతా జిగురు, నలిపితే ఘాటు వాసన. పసుపు రేకులు నాలుగు, సన్నటి పొడుగు కాయలు. ఆవ కుటుంబమే అనుకున్నా గానీ కేసరాలు (పుప్పొడి ఉండే పూల భాగాలు) ఆరు కంటే ఎక్కువున్నాయి. ఇంకొకటి, ఎండబెట్టడానికి పేపర్ల మధ్య నొక్కితే పేపరుకి అంటుకుపోతోంది.

జవాబు 1:
కుక్కవామింట, క్లియోమ్ విస్కోసా. కొత్త పుస్తకాల్లో అరివెలా విస్కోసా అని ఉండొచ్చు, రెండూ ఒకటే. కుటుంబం క్లియోమేసి, పాత ఫ్లోరాల్లో (ఒక ప్రాంతపు మొక్కల్ని వర్ణించే పుస్తకాల్లో) అయితే కప్పారేసి కింద వెతకాలి.

ఆవలో కేసరాలు ఆరే: నాలుగు పొడుగు, రెండు పొట్టి. దీనికి సాధారణంగా 10 నుంచి 20 దాకా ఉంటాయి. కాయ విప్పితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది: ఆవ మొక్క కాయలో రెండు గదుల మధ్య పల్చటి పొర అడ్డంగా ఉంటుంది, ఇందులో ఉండదు. పెంకులు ఊడాక చుట్టూ ఉన్న చట్రం మాత్రం మిగులుతుంది.

తెల్లపూల వామింటతో కూడా కలపొద్దు. దానికి కేసరాలు ఆరే, అవీ అండాశయమూ పొడుగాటి కాడ (గైనాండ్రోఫోర్) మీద పైకి లేచి ఉంటాయి. కుక్కవామింటకి ఆ కాడే లేదు.

జవాబు 2:
వర్ణన కింది నుంచి పైకి రాయండి. ఏకవార్షికం (ఏడాదిలోపే బతుకు ముగించే మొక్క), నిటారు కాండం, గ్రంథి కేశాలు (జిగురు కార్చే వెంట్రుకలు; 10 ఎక్స్ లెన్సులో ఒక్కో వెంట్రుక కొసన మెరిసే బొట్టు కనిపిస్తుంది). హస్తాకార సంయుక్త పత్రాలు (అరచేతి వేళ్లలా ఒకే చోటి నుంచి చిన్న ఆకులు, అంటే పత్రకాలు, విచ్చుకునే ఆకులు): కింది వాటికి 5 పత్రకాలు, కాడ పొడుగు, పై వాటికి 3, కాడ పొట్టి. చాలామంది కొస ఒక్కటే తుంచుకొచ్చి "పత్రకాలు 3" అని రాసేస్తారు, తప్పు అక్కడే. పూలు ఆకు గ్రీవాల్లో (ఆకు, కాండం కలిసే మూలల్లో) ఒక్కొక్కటిగా వస్తాయి. విచ్చాక రేకులు నాలుగూ ఒకే వైపుకి, విసనకర్రలా తిరుగుతాయి. కాయ నిటారుగా, నిలువు గీతలతో, కొసన కీలం (అండాశయం పైనుండే సన్నటి కాడ) నిలిచి ఉంటుంది. గింజలు మూత్రపిండాకారం, అడ్డ మడతలు. రేకుల రంగు, వాసన అక్కడికక్కడే రాసుకోండి, ఎండాక రెండూ నమ్మలేం.

జవాబు 3:
అంటుకోవడానికి కారణం ఆ గ్రంథి కేశాలే. మొక్కని ఒకే మడత న్యూస్‌పేపర్లో ఉంచేసి, పైనా కిందా ఉన్న బ్లాటింగు పేపర్లని మాత్రం మొదటి మూడు నాలుగు రోజులు రోజూ మార్చండి. మొక్కనే బయటికి తీస్తే కేశాలూ రేకులూ పాత పేపరుకే మిగిలిపోతాయి. పూర్తిగా ఎండాక మడత మెల్లగా విప్పండి. వేరుతో సహా పీకిన మొక్క షీటులో పట్టకపోతే 'వి' ఆకారంలో మడవండి, కత్తిరించొద్దు. రాలిన గింజల్ని పారేయకుండా చిన్న కాగితపు పొట్లంలో వేసి అదే షీటుకి అంటించండి.